ఎర్రరంగు నాడె

సాయంత్రం షిఫ్టు మారే వేళకు కోమల నోటినిండా నూలు ధూళి. కండెకు చుట్టిన నూలు అయిపోయింది. కొత్త కండెను, మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టి, పక్కనున్న చిన్న రంధ్రానికి పెదవులు ఆనించి గాలి పీల్చింది. దారం కొస నాలుకకు తగిలింది. ఆ ఊళ్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపేవాళ్లందరూ దారాన్ని అలాగే తీస్తారు. ఒకే నాడె పగలు ఒకరి నోట, రాత్రి ఇంకొకరి నోట తిరుగుతుంది. కోమల వచ్చేదాకా దాన్ని ఎవరూ ఎంగిలి అనలేదు.

యుద్ధం మొదలయ్యాక మిలిటరీ ఆసుపత్రులకు కట్టుగుడ్డ నేసే ఆర్డరు వచ్చింది. బీహారు నుంచి వచ్చిన పనివాళ్లు అప్పటికే ఇళ్లకు వెళ్లిపోయారు. మనుషులు చాలక, షెడ్డు నడిపే ఆసామి దశరథం మాదిగవాడ నుంచి వచ్చి కండెలు చుట్టే కోమలను సాంచా మీదికి పిలిచాడు. గల్ఫ్‌లో చిక్కుకున్న భర్త నుంచి డబ్బు ఆగిపోయిన నెల అది. సాంచా కూలి కండెల కూలికి రెండింతలు. ఇంట్లో పొయ్యి దానితోనే వెలుగుతోంది.

ఆ సాయంత్రం దశరథం కొత్త నాడె ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. దానికి ఒక పక్క ఎర్రరంగు పూసి ఉంది.

“ఇగ నీది గిదే. షిఫ్టు దిగంగ ఎంబడి తీస్కపో. సిద్దిరాములు నాడెల కలుపకు.”

అదే సాంచా మీద రాత్రి షిఫ్టు చేసే సిద్దిరాములు తువ్వాలతో మూతి తుడుచుకుంటూ పక్కనే నిలబడ్డాడు.

“మొన్నటిదాక పగటి షిఫ్టు ముత్తయ్య పీల్చిన నాడెనే గదా అన్నా, నువ్వు పీల్చింది?” అంది కోమల.

“ముత్తయ్య మావోడు.”

“మరి గీ గుడ్డ కట్టుకునే సిపాయి ఎవలోడు?”

“సిపాయి నాడె నాకడు గదనే!”

షెడ్డంతా నవ్వింది. ఒక క్షణం కోమలకూ నవ్వు వచ్చింది. అదే ఆమెను భయపెట్టింది. అవమానానికి అలవాటు పడటం ఇలాగే మొదలవుతుందేమో.

యూనియన్ నాయకుడు అంజన్న గుమ్మం దగ్గర ఉన్నాడు. ఆమె అతనివైపు చూసింది.

“నీ మాట న్యాయమే చెల్లె. ఆర్డరు ఒడువనియ్, అయినంక అడుగుదాం. గిప్పుడు లొల్లి జేస్తే దేశానికి ఎదురు తిరిగిన్రంటరు.”

“ఒడిసినంక నన్ను సాంచా మీద ఎవలు ఉండనిస్తరన్నా?”

న్యాయానికి తగిన సమయం వస్తుందని అంజన్న నిజంగానే నమ్మాడు. ఆ సమయానికి తాను ఇక్కడ ఉండనని ఆమెకు తెలుసు.

కోమల ఎర్రనాడెను దశరథానికి తిరిగి ఇవ్వబోయింది. అతను చెయ్యి చాపలేదు. ఆమె దాన్ని నేల మీద పెట్టింది.

“గిది నేను వట్ట.”

“వట్టకుంటే కండెలకు పో. పరేషాన్ చెయ్యకు.”

“పోను.”

దశరథం స్విచ్ ఆపాడు. ఆమె సాంచా ఒక్కటే ఆగింది. మిగిలినవన్నీ ఎప్పటిలాగే దడదడలాడుతున్నాయి. ఒక్కరూ తమ సాంచా ఆపలేదు. ఇంట్లో రేపటికి బియ్యం లేవు.

“జరుగవే,” అన్నాడు సిద్దిరాములు, తన షిఫ్టుకు సాంచా దగ్గరికి రాబోతూ.

రెండు సాంచాల మధ్య సందు ఒక్క మనిషికే సరిపోతుంది. కోమల అందులోనే నిలబడింది.