జ్వరం మొదలైన రోజు

మా మామగారు డాక్టర్ కేశవరావుగారు మూడో పెసరట్టు మీద అల్లప్పచ్చడి వేసుకుంటూ మా తన్మయి జబ్బుకు తీర్పు ప్రకటించారు.

"వైరల్ ఫీవరమ్మా. కళ్ళెర్రబడతాయి, పెదాలు పగులుతాయి. దానంతటదే పోతుంది."

గుంటూరులో నలభై ఏళ్ళు రోగుల నాడి పట్టి, ప్రస్తుతం ఈ పరదేశంలో, క్రెయిగీబర్న్‌లో మా సోఫాను సింహాసనంగా అలంకరించిన ధన్వంతరి ఆయన. ఆ ఆస్థానంలో నాది వంటశాల శాఖ. థర్మామీటరు అదనపు బాధ్యత. నాలుగేళ్ళ పిల్లకు అది అయిదో రోజు జ్వరం.

"ఒకసారి హాస్పిటల్‌కి తీసుకెళ్దామండీ," అన్నాను మా ఆయనతో.

"ఇంట్లో డాక్టర్ని పెట్టుకుని ఎమర్జెన్సీలో కూర్చుంటే నాన్నగారికెంత ఇన్‌సల్టో ఆలోచించావా?" అన్నాడు యోగానంద్. "గూగుల్ తగ్గించు శ్రీదివ్యా."

తగ్గించాను. మామగారి పరువనే మహాసామ్రాజ్యానికి మరో నాలుగు రోజులు విధేయంగా ఊడిగం చేశాను.

తొమ్మిదో రోజు పిల్ల అరచేతులు వాచాయి. అప్పుడు బయలుదేరాం. ఎన్నాళ్ళుగా జ్వరమని హాస్పిటల్‌లో అడిగితే, "ఫోర్ డేస్," అన్నాడు యోగానంద్, తండ్రి వైపు చూడకుండా. నేను నోరెత్తలేదు. పతివ్రతలకు మౌనం భూషణం కదా.

కవాసాకీ అన్నారు, రక్తనాళాలు వాచే జబ్బట. చేతికి సూది గుచ్చి రాత్రంతా మందెక్కించారు. జ్వరం లొంగలేదు. రెండోసారి ఎక్కించారు. అప్పుడూ లొంగలేదు. గుండె స్కాన్‌లో, సన్నగా సాగవలసిన ధమని ఒకచోట పూసలా ఉబ్బి కనిపించింది.

"నాలుగు రోజుల జ్వరానికి ఇంత ఉబ్బు నాకు నమ్మశక్యంగా లేదు," అంది గుండె డాక్టరమ్మ. "తర్వాతి మందు నిర్ణయించాలి. జ్వరం మొదలైన రోజు నాకు కచ్చితంగా కావాలి."

"ఇప్పుడు మాట మారిస్తే మనమే ఫూల్స్ అవుతాం," తెలుగులో గొణిగాడు యోగానంద్. మామగారు కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఈ వయసులో నన్ను దోషిగా నిలబెడతావా అమ్మా?" అన్నారు.

ఈ మధ్యాహ్నమే ఇంటికెళ్తామా అని మంచం మీంచి తన్మయి తన ఇక్కడి యాసలో అడిగింది: "మమ్మీ, ఆర్ వీ గోయింగ్ హోమ్ దిస్ ఆర్వో?"

నేను డాక్టరమ్మ వైపు తిరిగాను.

"ఇక్కడికి వచ్చేనాటికే తొమ్మిది రోజులు."

యోగానంద్ నా మోచెయ్యి నొక్కాడు. డాక్టరమ్మ కలం ఆగింది.

"అన్నాళ్ళు ఎందుకు ఆగారు?"

"మామగారు దానంతటదే తగ్గుతుందన్నారు. మా ఆయన హాస్పిటల్ వద్దన్నారు. నేను తలూపాను," అన్నాను. "ముగ్గురి పేర్లూ రాయండి."