నన్ను ఏ దారిన పంపిస్తావ్?

వెనక తలుపు రబ్బరు అంచుల్లో ఇరుక్కున్న పూలరెక్కల్ని పాత టూత్‌బ్రష్‌తో తవ్వి తీస్తూ నిదానం మళ్ళీ గేటువైపు చూశాడు. మొదటి పిలుపు ఇంకా రాలేదు. నిన్నటి మనుషుల వాసన పోవాలంటే వ్యాను నేలంతా ఫినాయిల్‌తో కడిగి, తలుపులు బార్లా తెరిచి ఆరబెట్టాలి. రోజూ ఆడుతూ పాడుతూ చేసే పనే. ఇవాళ మాత్రం బకెట్టు కాలికి తగిలి రెండుసార్లు ఒలికిపోయింది.

అతను ఆసుపత్రి శవాల బండి నడుపుతాడు. అసలు పేరు షెడ్డులో ఎవరికీ గుర్తులేదు. గుంట కనబడగానే అతను బ్రేకు వేసే తీరు చూసినవాళ్ళకు, వెనక పడుకున్నవాళ్ళకు నిద్రాభంగమవుతుందేమోనని భయపడుతున్నట్టు తోస్తుంది. అందుకే నిదానం అన్నారు. పొట్టిమనిషి. సీటుమీద దుప్పటి మడతపెట్టి వేసుకుంటేగానీ ముందు దారి కనబడదు. ఏళ్ళ తరబడి స్టీరింగు పట్టుకుని బొటనవేళ్ళు పక్కకు వంగిపోయాయి. తనంతట తాను నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోడు. అలాంటివాడి చెవిలో పొద్దున్నే భార్య ఒక జోరీగను వదిలింది.

ఆమెకు కాలేయం పూర్తిగా పాడైంది. ఇక ఇంటికి తీసుకెళ్ళమని డాక్టరు అన్నాడంటే ఆ మాటకు అర్థం నిదానానికి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. అతను చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే ఆమె మంచంమీంచి అడిగింది.

"ఏమయ్యా, నన్ను ఏ దారిన పంపిస్తావ్?"

"పొద్దున్నే ఏం మాటలే అవి?"

"మావాళ్ళు పూడ్చిపెడతారు. కడపటి రోజున అందరం లేస్తాం. మీవాళ్ళు కాలుస్తారు, మళ్ళీ ఎక్కడో పుడతారు. నేను మట్టిలో పడుకుని ఎదురుచూస్తుంటే నువ్వేమో ఎవరింట్లోనో పసివాడివై పాలకోసం ఏడుస్తుంటావు. ఇక మనం కలిసేదెట్లా? కనుక్కుని సాయంత్రం చెప్పు. రోజూ అందర్నీ దింపొచ్చేది నువ్వే కదా."

ఆమె నవ్వుతూనే అంది గానీ, చూపు మాత్రం అతన్ని వదల్లేదు.

పెళ్ళయిన కొత్తలో అటువాళ్ళూ ఇటువాళ్ళూ వీళ్ళను గడప తొక్కనివ్వలేదు. ఆ తర్వాత గోడమీద సిలువలో ఆవిడ దేవుడూ అలమరలో ఇతని దేవుడూ ఎవరి చోట వాళ్ళు సర్దుకుని కాపరం చేసుకొచ్చారు. చావు సంగతి మాత్రం ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు. ఊళ్ళోవాళ్ళందర్నీ సాగనంపేవాడికి, ఆ బండి ఒకనాడు తన ఇంటిముందూ ఆగుతుందని తోచకపోవడం విడ్డూరమే.

మొదటి పిలుపు ఒక ముసలి దర్జీది. తెల్లగుడ్డలో చుట్టి, భుజాలు మార్చుకుంటూ తెచ్చి ఎక్కించారు. ఖబరస్తాన్‌లో అంతా అయ్యాక ఇమాము కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే నిదానం వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"అయ్యా, ఒక మాట. పోయినవాళ్ళు అక్కడ వాళ్ళ ఆడవాళ్ళను కలుస్తారా?"

"ఎందుకు కలవరు? మంచిగా బతికినవాళ్ళు తోటలో కలుస్తారు. అక్కడ ముసలితనం ఉండదు, రోగం ఉండదు."

"అందరూనా?"

"నమ్మినవాళ్ళు." ఇమాము అతని మొహం చూసి గొంతు తగ్గించాడు. "ఎవర్ని రానివ్వాలో చూసుకునేది పైవాడు. నేను కాదు బాబూ."

నిదానం తలూపి వచ్చేశాడు. ఆ తోట బాగానే ఉంది. కానీ గేటు దగ్గర నువ్వు ఎవరి తాలూకు అని అడిగితే ఏం చెప్పాలో అతనికి తెలియలేదు.

రెండోది లెక్కల మాస్టారిది. నల్లటి పెట్టె, ఇత్తడి పిడులు. మాస్టారి భార్య ముందు సీట్లో కూర్చుంది. కొడుకులూ పాస్టరూ వెనక కార్లలో వస్తున్నారు. నాలుగు రోడ్ల దగ్గర ఎడమకు తిరిగితే చర్చివాళ్ళ సమాధులు, కుడికి తిరిగితే కరెంటు దహనవాటిక. కళ్ళు మూసుకున్నా తప్పని దారి అది. అయినా నిదానం కుడికి తిప్పాడు. వెనక కార్లు హారన్లు మోగిస్తుంటే, వాళ్ళకు తొందర కాబోలనుకుని కాస్త వేగం కూడా పెంచాడు.

కొలిమి దగ్గర పనిచేసే ఆపరేటరు మసిగుడ్డతో చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. "ఏంటి నిదానం, పెట్టెతో సహా పెట్టెయ్యమంటావా?"

అప్పటికి గానీ ఎక్కడికొచ్చాడో అతనికి తెలియలేదు. మాస్టారి పెద్దకొడుకు కారు దిగి వచ్చి చొక్కా పట్టుకున్నాడు. "ఒళ్ళు దగ్గరుందా నీకు? మా నాన్నను కాల్చేద్దామనుకున్నావా?" నిదానం చేతులు జోడించాడు. ఆపరేటరు మధ్యలోకొచ్చి, వాళ్ళను శాంతింపజేసి, అతన్ని పక్కకు తీసుకెళ్ళి మంచినీళ్ళిచ్చాడు.

సగం గ్లాసు తాగి నిదానం అడిగాడు. "మనవాళ్ళలో మొగుడూ పెళ్ళాం మళ్ళీ కలుస్తారంటావా?"

"ఏడు జన్మల బంధమంటారుగా."

"ఇది ఎన్నోది?"

"ఆ సంగతి తెలిస్తే ఈ పొగలో ఎందుకుంటాను?" అన్నాడు ఆపరేటరు. "పోయిరా. ఈసారి ఎడమకు తిప్పు."

తిరుగుదారిలో పక్కనున్న పెద్దావిడతో నిదానం మెల్లగా అన్నాడు. "క్షమించండమ్మా. మా ఆవిడ ఇవాళో రేపో అన్నట్టుంది. అందుకే మతి తప్పింది."

"ఫర్వాలేదులే. ఆయన లెక్క ఒక్కటి తప్పితే చూడాలని నాకు ఎప్పట్నించో ఉంది."

అతనికి ధైర్యం వచ్చింది. "అక్కడ మీరు మాస్టారిని మళ్ళీ కలుస్తారని నమ్మకమేనా అమ్మా?"

ఆవిడ వెనక కార్లవైపు ఒకసారి చూసుకుంది. "మా పిల్లలతో అనకు. కలవకపోయినా నాకేం బెంగలేదు బాబూ. కూరలో ఉప్పు దగ్గర్నుంచి నా నడకదాకా నలభై ఏళ్ళు తప్పులు దిద్దాడు. చాలు. ఇకనైనా కొన్నాళ్ళు నన్ను ఒంటరిగా ఉండనివ్వాలి." అని నవ్వింది. నవ్వుతూనే కొంగు కళ్ళకు అద్దుకుంది.

ఈ కోణం నిదానానికి తట్టనేలేదు. భార్య అడిగింది కలుసుకుందామనా, తప్పించుకుందామనా? అతని గురక గోడలు అదిరేలా ఉంటుంది. ఒంటికి ఎప్పుడూ ఫినాయిల్ వాసన. పని నుంచి వచ్చి మాటాపలుకూ లేకుండా అన్నం తిని పడుకునే మనిషి. అలాంటివాడితో ఇంకొక లోకంలో కూడా వేగమంటే ఎవరైనా వేగుతారా? శవాల మధ్య బతుకు వెళ్ళదీసినా ఎన్నడూ జడవనివాడికి ఆ మధ్యాహ్నం నిజంగా భయం వేసింది. పెట్టెను గోతిలోకి దింపుతున్నంతసేపూ నిదానం, సమాధుల కాపలాదారు పక్కన నిలబడి కాళ్ళు మార్చుకుంటూనే ఉన్నాడు.

అంతా అయ్యాక షెడ్డుకు పోలేదు. ఆ బండిని ఇంటిసందులోకి ఎన్నడూ తేలేదు, ఇరుగుపొరుగు ఊరుకోరు. ఇవాళ గుంటలూ గతుకులూ చూడకుండా తోలి నేరుగా గుమ్మం ముందే ఆపాడు. ఎదురింటివాళ్ళు టపటపా కిటికీలు వేసుకున్నారు. నేను నీకు అక్కడ కూడా కావాలా? అడగాల్సింది అదొక్కటే.

గుమ్మంలో, భార్యకు తోడుగా ఉంటున్న మరదలు నిలబడి ఉంది. "బావా..." అని ఆగిపోయింది. అలాంటి మొహాల్ని అతను ఎన్నో గుమ్మాల్లో చూశాడు.

లోపలికెళ్ళి భార్య పాదం పట్టుకున్నాడు. వేడి ఇంకా పూర్తిగా పోలేదు.

"ఇందాకే బావా. పాలు కాచి తెచ్చేసరికి... నొప్పేమీ పడలేదు. మధ్యాహ్నం కాస్త హుషారుగానే ఉంది. దుప్పటి మార్చమంది. గోడవైపు జరపమంది. ఇంత మంచం పెట్టుకుని గోడకెందుకే అతుక్కోవడం అంటే, జరపవే, నీకు తెలీదు అంది."

నిదానం నేలమీద కూలబడి ఏడ్చాడు. అతను అలా ఏడవగలడని మరదలికి ఆ రోజే తెలిసింది. కాసేపటికి ఆమే అడిగింది. "ఏ దారి బావా?"

అతను తలెత్తి మంచంవైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఫోను తీసి సమాధుల కాపలాదారుకు చేశాడు.

"నేనే, నిదానాన్ని. మా ఆవిడకు చోటు కావాలి. పక్కన ఇంకొకటి ఖాళీగా ఉంచు. ఎవరికీ ఇవ్వకు."

"ఎవరికయ్యా అది?"

"నాకే."

"నువ్వు మావాళ్ళలో లేవు కదా. పాస్టరుగారు ఒప్పుకోవద్దూ?"

"ఒప్పుకునేదాకా అడుగుతా. రోజూ వస్తూనే ఉంటాగా."

ఫోను జేబులో పెట్టుకుని, బండి వెనక తలుపులు తెరవడానికి బయటికి వెళ్ళాడు. ఆమెకు చోటు చాలదని మూడు నెలలుగా అతను కింద చాపమీదే పడుకుంటున్నాడు. చాప చుట్టి మూలకు ఆనించి ఉంది. మంచంలో ఆమె ఖాళీ చేసిన సగంలో, ఉతికిన గలేబు తొడిగి, అతని తలగడ వేసి ఉంది.