మింగిన ఏడుపు

పొద్దుటి నుంచి సరోజిని మూడుసార్లు టీ పెట్టుకుని, మూడుసార్లూ తాగడం మరిచిపోయింది. ఐర్లండ్‌లో, టాలట్ అనే ఊళ్లోని ఆ చిన్న ఫ్లాట్‌లో కిటికీకీ సోఫాకీ మధ్య తిరుగుతూనే ఉంది. మనవరాలు మనస్విని నాలుగింటికల్లా మెయ్‌నూత్ యూనివర్సిటీకి థీసిస్ పంపాలి. యాభై ఏళ్లలో తమిళ సినిమా ఎలా మారిందన్నది విషయం. ఇప్పుడు టైం మూడూ ఇరవై.

అందులో ఒక అధ్యాయం సరోజిని మీదే. మద్రాసులో తమిళ సినిమాలకి తెలుగు డబ్బింగ్ చెప్పిన మనిషి ఆవిడ. హీరోలు పేజీలకి పేజీలు గొంతు చించుకునే కాలం పోయి, కెమెరా పొలాల్లోకీ ఇరుకిళ్లలోకీ వెళ్లి, మనుషులు మామూలుగా మాట్లాడటం మొదలైన రోజులవి. ఆ మార్పుని తెలుగులో పట్టుకున్న తొలి గొంతు అమ్మమ్మదేనని పిల్ల రాసింది. రుజువుగా ఒక సీను చూపించింది. రైల్వే ప్లాట్‌ఫారం మీద తల్లిని వదిలి వెళ్లే కూతురు ఏడుపుని లోపలికి మింగుతుంది.

ఆ గొంతు సరోజినిది కాదు.

"మనూ, ఆ సీను తీసెయ్యమ్మా."

"చాప్టరంతా దాని మీదే ఉంది అమ్మమ్మా. ఇట్స్ గ్రాండ్, అంతా బానే ఉంది, నువ్వు టెన్షన్ పడకు."

"అలా ఏడ్చింది నేను కాదు."

మనస్విని చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. సరోజిని నిలబడే చెప్పింది. తను నాటకాల నుంచి వచ్చింది, బావురుమనడమే తెలుసు. అప్పట్లో అందరూ ఒకే మైకు ముందు నిలబడేవారు, ఒకరు తప్పితే రీలు మొదటికి వచ్చేది. ఆ రోజు తన వల్ల పదకొండుసార్లు వచ్చింది. పన్నెండోసారి, గుంపు అరుపులు చెప్పే విజయరాణి పక్క నుంచి ఊపిరి బిగబట్టి నాలుగు వెక్కిళ్లు ఇచ్చింది. ఇంజనీరు ఓకే అన్నాడు. సినిమా బాగా ఆడింది. అందరూ మెచ్చుకుంటుంటే సరోజిని దండాలు పెట్టింది, విజయరాణి చూస్తుండగానే. ఆ తర్వాత ఆమె పలకరించలేదు. ఒక్కో గొంతునీ విడిగా రికార్డు చేసే పద్ధతి వచ్చాక ఎదురుపడటమే లేకపోయింది.

"నలభై ఏళ్లుగా ఎవరికీ చెప్పలేదా?"

"మీ తాతకి కూడా చెప్పలేదు."

"అరగంట ముందా చెప్పేది," అని గొణుగుతూనే పిల్ల ఫైలు తెరిచింది. "ఆవిడ ఫుల్ నేమ్ చెప్పు."

సరోజినికి ఆమె చక్కెర లేని కాఫీ తాగుతుందని తెలుసు. రీలు తిరిగే ముందు చెప్పులు విడిచేదని తెలుసు. ఇంటిపేరు మాత్రం తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

"విజయరాణి. అంతే."

"ఉన్నారా ఆవిడ?"

"తెలీదమ్మా."

మనస్విని సీను ఉంచి పేరు మార్చింది. అధ్యాయం శీర్షిక కూడా మార్చింది. మూడూ యాభై రెండుకి పంపబోతుంటే సరోజిని ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఇంకొక్క వాక్యం రాయి. ఇన్నాళ్లూ ఆ మెప్పు తీసుకున్నదెవరో, నా పేరు పెట్టి రాయి."

పిల్ల ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, టైపు చేయడం మొదలుపెట్టింది.