పేతురు అత్తకు వచ్చిన జ్వరం

“జ్వరం తగ్గిందిగా, ఇంక లెగు కాశమ్మా. జనం వచ్చేత్తారు, టీ పెట్టాలి” అన్నాడు అంకయ్య.

నాకు జ్వరమేమీ రాలేదు. ఐదో నెల కడుపు పోయి అప్పటికి వారమైంది. అంకయ్య నా భర్త. మస్కట్‌లో ఒక కంపెనీ బస్సు నడుపుతాడు, శుక్రవారాలు హమ్రియాలోని మా గదిలో తెలుగువాళ్ళకు ప్రార్థన నడిపిస్తాడు. పెళ్ళైన తొమ్మిదేళ్ళకు దేవుడు మా మొర ఆలకించాడని అందరి ముందూ సాక్ష్యం చెప్పిన మనిషే, ఆస్పత్రి నుంచి తీసుకొస్తూ దారిలో, “జ్వరమని చెప్పు. కడుపు పోయిందంటే మన విశ్వాసంలోనే ఏదో లోపం ఉందనుకుంటారు” అన్నాడు. నాకు మాట్లాడే ఓపిక లేదు. తలూపాను. మామూలుగా వారమంతా నేను ఒక ఒమానీ ఇంట్లో తివాచీలు దులిపి, గదులు తుడిచి, వంటపాత్రలు తోమేదాన్ని. శుక్రవారం సెలవు. ఆ సెలవునాడు ప్రార్థనకు వచ్చినవాళ్ళందరికీ వండిపెట్టేదాన్ని. ఆ రోజూ లేచి టీ పెట్టాను.

ఈస్టరుకు చర్చి హాల్లో క్రీస్తు జీవితం నాటకం వేయాలనుకున్నారు. రాసింది అంకయ్యే, యేసు శిష్యుడు పేతురు వేషమూ ఆయనదే. ఏసీలు బాగుచేసే కుమార్ యేసు. పేతురు అత్తగా మొదట శాంతవ్వను అనుకున్నారు. ఆమెది జగిత్యాల దగ్గర పల్లె, మా పక్క వీధిలో ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, కింద పడుకుంటే లేవలేనంది. దాంతో ఆ వేషానికి నన్ను పడుకోబెట్టారు.

“నీకు మాటలేం ఉండవు. పడుకోడం, లేవడం, వడ్డించడం. రోజూ చేసేదేగా” అన్నాడు అంకయ్య. అందరూ నవ్వారు.

రిహార్సల్‌లో కుమార్ నా చెయ్యి ముట్టుకోగానే లేచేదాన్ని. “అంత నీరసంగా కాదు, మొహంలో సంతోషం కనపడాలి” అనేవాడు అంకయ్య. చాప మీద కళ్ళు మూసుకుని పడుకుంటే కపెర్నహూములోని పేతురు ఇల్లు కనిపించేది. నల్లరాతి గోడలు, చేపల వాసన, గుమ్మంలో ఆరేసిన వల. ఆ వలను వదిలేసి అల్లుడు బోధకుడి వెంట వెళ్ళిపోయాడు. ఇంట్లో పిండి ఉందో లేదో ఎవరికీ పట్టలేదు. ఆమె ఒళ్ళు కాలిపోతూ ఒక మూలన పడి ఉంది. అది విశ్రాంతి దినమట. అల్లుడు మందిరం నుంచి నలుగురిని వెంటబెట్టుకొచ్చాడు. విశ్రాంతి వాళ్ళకే. ఆమె లేచింది, వడ్డించింది. అంతవరకే రాశారు. ఆమె తిన్నదో లేదో, అసలు ఆ జ్వరం దేనివల్ల వచ్చిందో ఎవరైనా అడిగారా? ఆ చెయ్యి పట్టుకున్నాయన అడిగే ఉంటాడని నాకనిపించేది. విన్న మగవాళ్ళకే అది రాసుకోదగిన మాటగా తోచి ఉండదు.

నాటకం రోజు హాలు నిండిపోయింది. “బోధకుడా, మా అత్త జ్వరంతో పడుంది” అని అంకయ్య గట్టిగా అన్నాడు. కుమార్ వచ్చి నా చెయ్యి ముట్టుకున్నాడు. లేవాలనే అనుకున్నాను. ఒళ్ళు కదల్లేదు.

“లెగక్కా” అన్నాడు కుమార్ మెల్లగా. నేను కదలకపోయేసరికి కంగారుపడి, పైకే అడిగేశాడు. “అమ్మా, జ్వరం తగ్గలేదా?”

“జ్వరం కాదు” అన్నాను. “కడుపు పోయింది.”

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముసలి అత్తకు కడుపేమిటని కాబోలు.

“ఆమెది కాదు. నాది. ఐదో నెల.”

నవ్వు ఆగిపోయింది. అంకయ్య మైకు అందుకుని స్తుతి పాట ఎత్తుకున్నాడు. మగవాళ్ళు కొందరు గొంతు కలిపారు, చప్పట్లు మొదలయ్యాయి. ఆ చప్పట్ల మధ్యనే శాంతవ్వ స్టేజీ మెట్లు ఒక్కొక్కటే పట్టుకుని ఎక్కి వచ్చి, నా పక్కన చాప మీద కూలబడింది. లేవలేనని తెలిసీ కూర్చుంది. నా తల ఒళ్ళోకి తీసుకుంది.

“గింత బాధ కడుపుల పెట్టుకొని తిరుగుతున్నవా బిడ్డా” అంది. నా జుట్టు సర్దుతూ అడిగింది. “ఆడపిల్లనా, మొగపిల్లగాడా?”

అన్ని రోజుల్లో నన్ను ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. ఆస్పత్రిలో నర్సు నా చెవిలో చెప్పింది. అంకయ్య అప్పుడు బయట ఫోన్లో ఉన్నాడు.

“ఆడపిల్ల” అన్నాను.

పాట సగంలో తెగిపోయింది. అంకయ్య మోకాళ్ళ మీద వంగి నా మొహంలోకి చూశాడు. అతికించిన గడ్డం ఒక పక్క ఊడి వేలాడుతోంది.

“నాకు చెప్పలేదేంటి?”

“మీరు అడగలేదు” అన్నాను. కుమార్, నేను చెరో పక్కా పట్టి శాంతవ్వను లేపాం. ఆ పూట మా గదికి కాదు, ఆమె గదికే వెళ్తానని అప్పుడే అనుకున్నాను. “పుడుతుందని సాక్ష్యం చెప్పింది మీరే కదండీ. పోయిందని కూడా మీరే చెప్పండి” అన్నాను అంకయ్యతో.

మైకు ఆయన చేతిలోనే ఉంది.