ఎండలో చూడాల్సిన రంగు

పెయింట్ల షాపులో గోడల రంగులు కలపడం ఆమె పని. "షాపు లైటుని నమ్మకండి, ఎండలోకి తీసుకెళ్లి చూడండి" అని వచ్చినవాళ్లకల్లా నోరు నొప్పెట్టేలా చెప్తుంది. తన ఒంటిరంగుకు నప్పే ఫౌండేషన్ ఎంచుకోవడానికి మాత్రం గడియ ఉన్న బాత్రూమూ, అందులోని పసుప్పచ్చ బల్బూ తప్ప గతి లేదు. ఇంట్లో అందరికీ ఆమె ఇంకా కొడుకే మరి.

చెల్లి కోసమని చెప్పి తెచ్చుకున్న మూడు శాంపిళ్లనూ దవడ మీద గీతలుగా రాసుకుంది. ఆ బల్బు కింద మూడూ ఒక్కలాగే ఏడ్చాయి.

"ఒరేయ్, లోపలే కాపురం పెట్టావా?" అంటూ అమ్మ తలుపు బాదింది.

ఆమె గబగబా కడుక్కుని బయటపడింది. చెవి కింద ఒక గీత మిగిలిపోయింది. అమ్మ ఆమె గడ్డం పట్టుకుని కిటికీలోంచి పడే ఎండకేసి తిప్పింది.

"నిన్నటి పెయింటు ఇంకా వదల్లేదా! తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. ఇంకాస్త ముదురుదైతే నీ రంగులో కలిసిపోయేది" అంటూ అమ్మ తడిగుడ్డతో రుద్దసాగింది.

తనకు కావలసిన రంగేదో అమ్మే తేల్చేసింది. ఆమె "సరేనమ్మా" అని, చర్మం మండుతున్నా ఆ ఎండలో కొడుకులాగే నిలబడింది.