రేపటి జాబితాలో రంపం

ఆవిరి యంత్రం తలుపు తెరవగానే ఎగదన్నిన వేడికి పెద్దక్క మొహం పక్కకు తిప్పుకుంది. ఆసుపత్రిలో ఆపరేషన్ పరికరాలు కడిగి, గుడ్డలో మూటకట్టి, ఆవిరిలో ఉడికించి థియేటరుకు పంపడం ఇరవై ఆరేళ్లుగా ఆమె పని. ప్రతి కత్తెర నోరూ వెలుతురుకు పట్టి చూసేది. డాక్టర్లలో చాలామందికి ఆమె మొహం తెలియదు గానీ, ఆమె కట్టిన మూట తెలుసు.

మెడ కింది గడ్డను ఆమె "అద్దె కట్టని అద్దెదారు" అనేది. పదేళ్లు ఊరుకున్న ఆ అద్దెదారు ఈమధ్య కింది గదిలోకీ దిగాడు. పడుకుంటే ఊపిరాడదు. పై అరలోని ట్రే కోసం చేతులెత్తితే మొహం కందిపోయి కళ్లు తిరిగేవి.

స్కాన్ చూసొచ్చిన చెల్లెలు, "మెడ దగ్గర చిన్న కోతే అక్కా, మూడోనాటికి ఇంట్లో ఉంటావు" అంది. చెల్లెలు ఇదే ఆసుపత్రిలో థియేటర్ నర్సు. అమ్మ పోయాక జడలు వేసి, బడికి పంపి, నర్సింగు చదివించింది పెద్దక్కే. ఆ ఒక్క మాట మీద ఆమె స్కాన్ కవరైనా విప్పలేదు.

ఆపరేషన్ రేపు. మధ్యాహ్నమే ఇంటికి వెళ్లాల్సింది, పని తెమలక ఉండిపోయింది. మూడింటికి కిటికీలోంచి రేపటి జాబితా అందించారు. చెల్లెలి దస్తూరీ. "మొదటి కేసు: థైరాయిడ్ గడ్డ, ఛాతీలోకి దిగినది. ఆడ, యాభై రెండు. మెడ సెట్టు. ఛాతీ సెట్టు కూడా, రంపంతో."

రొమ్ము ఎముక కోసే రంపం. దాని పళ్ల సందులు ఆమె ఎన్నిసార్లు తోమిందో లెక్కలేదు.

కాగితం పట్టుకుని, దారిలో రెండుసార్లు ఆగి, థియేటరు మెట్లెక్కింది. చెల్లెలు చూసి తెల్లబోయింది.

"నువ్వింకా ఇంటికెళ్లలేదా?"

"ఇది నేనేనా?"

"మెడలోంచి రాకపోతేనే అక్కా. చెప్తే భయపడి మానేస్తావని..."

"నేను సంతకం పెట్టిన కాగితంలో ఉందా ఇది?"

"ఉంది."

"చదివి వినిపించింది నువ్వే కదే."

"ఆ ముక్క వదిలేశాను."

పెద్దక్క గోడకు చెయ్యి ఆనించింది. "నీ నోటితో చెప్పుంటే ఒప్పుకునేదాన్ని" అంది.

కిందికొచ్చి రెండు సెట్లూ తనే కట్టింది.

మర్నాడు గడ్డ మెడలోంచే వచ్చేసింది. ఛాతీ సెట్టు మూట విప్పకుండానే వెనక్కి వెళ్లింది. నరానికి దెబ్బ తగిలితే మాట పోవచ్చని సర్జను ముందే చెప్పి ఉన్నాడు. రెండు రోజులు అక్క పెదవి విప్పకపోయేసరికి చెల్లెలికి అన్నం సయించలేదు.

మూడోనాటి పొద్దున వార్డు తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపలినుంచి అక్క గొంతు వినిపించింది. కాస్త బొంగురు, అంతే. "ఆ చెప్పులు కొంచెం ఇటు జరుపమ్మా" అంటోంది, గది ఊడుస్తున్న ఆయాతో.

చెల్లెలు కళ్లు తుడుచుకుంటూ లోపలికి ఉరికింది. "మాట వచ్చిందా అక్కా!"

పెద్దక్క గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ సాయంత్రం చెల్లెలు థియేటరులో ఉండగా ఆమె ఒక్కతే ఆటో మాట్లాడుకుని వెళ్లిపోయింది. ఎక్కడికో ఆయాకు కూడా చెప్పలేదు. చెల్లెలు పరుగున వచ్చేసరికి మంచం ఖాళీ. మచ్చ కనపడకుండా మెడకు చుట్టుకోమని తను కొనిచ్చిన నీలం స్కార్ఫు దిండు మీద ఉంది, ధర చీటీ కూడా తెంపకుండా.