వదిన మాటలు, హీరోయిన్ నోరు

రాష్ట్రంలోని ఇల్లాళ్లందరినీ కడుపుబ్బ నవ్విస్తుందని పేరు మోసిన ఆ రచయిత్రి ఇంట్లో మాత్రం ఎవరినీ నవ్వించిన పాపాన పోలేదు. ఆవిడ జోకు చెబితే ఎక్కడ నవ్వాలో భర్త అడిగి తెలుసుకునేవాడు. ఆ లోటు తీర్చింది వదినగారు, అంటే ఆవిడ అన్నగారి భార్య. పక్కవీధిలో వదినకు బట్టలు కుట్టే షాపుంది. రోజూ మధ్యాహ్నం రచయిత్రి అక్కడికి పోయి, మిషను పక్కన స్టూలు మీద కూలబడి చెవులు రిక్కించేది. ఓసారి బాగా ఒళ్లు చేసిన ఒకావిడ పాత కొలతలకే కుట్టమని పట్టుబట్టింది. వదిన పంటికింద గుండుసూదులు తియ్యకుండానే, "బట్టకైతే నేను సర్దిచెబుతాను గానీ, నడుముకి ఎవరు సర్దిచెబుతారండీ?" అంది. షాపు షాపంతా నవ్వింది. ఏడాది తిరిగేలోగా ఆ మాట నవల్లోకెక్కింది, హీరోయిన్ నోట.

ఒకటా రెండా, నవలలన్నీ అంతే. ప్రతిదాంట్లోనూ ఒక చలాకీ హీరోయిన్, అచ్చం రచయిత్రే, కాకపోతే కాస్త సన్నగా. ఆమె పక్కన, ఎవరేమన్నా అర్థంకాక దిక్కులు చూసే ఒక మొద్దు వదిన. కన్నం వేసిన ఇంటివాళ్లనే వెర్రివాళ్లుగా చూపించడం ఏం రచనో మరి. వదినకు పుస్తకం ముట్టే తీరిక ఎక్కడుందిలే అని రచయిత్రి ధీమా.

ఆ ధీమా ఒక అభిమాని వల్ల నీరుగారిపోయింది. కొలతలివ్వడానికి వచ్చిన ఆ అమ్మాయి, తనకు నచ్చిన పేజీ మురిసిపోతూ పైకి చదివింది. వదిన టేపు పట్టుకుని నిలబడి అంతా వింది. తర్వాత మిగతా నవలలూ తెప్పించుకుని చదివింది. చదివి ఏమీ అనలేదు. అసలు ఏమైనా అనడమే మానేసింది. రచయిత్రి వచ్చి కూర్చుంటే చాలు, ఎవరేం అడిగినా "ఊఁ" తప్ప ఇంకో మాట లేదు.

కొత్త నవల రెండో ప్రకరణంలోనే చతికిలబడింది. హీరోయిన్ నోరు తెరిస్తే ఆవలింతలే. పబ్లిషరు ఫోన్ల మీద ఫోన్లు. చివరికి రచయిత్రికి ఒక ఉపాయం తట్టింది. తన నవలల సంపుటాలు విడుదలయ్యే సభలో వదినకు పూలగుత్తి ఇచ్చి, నా ప్రేరణ ఈవిడేనని చెప్పి, రెండు ముక్కలు మాట్లాడమంటే కరిగిపోదా? ముందు నోరంటూ విప్పితే చాలు. తిట్టినా ఫరవాలేదు, తిట్లు కూడా రాసుకోవడానికి పనికొస్తాయి.

వదిన మైకు ముందుకొచ్చి, కొంగు సర్దుకుని, ఎంతో మర్యాదగా మొదలుపెట్టింది.

"మా ఆడపడుచు నవలలన్నీ చదివానండీ. మాటలన్నీ నా దగ్గర తీసుకున్నవే. ఆ మొద్దు వదిన ఒక్కతే తన సొంత బుర్రలోంచి పుట్టింది. అందుకే తల్లి పోలికలు పుణికిపుచ్చుకుంది."

హాలు దద్దరిల్లింది. పబ్లిషరు కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నాడు. రచయిత్రి మొహం కందగడ్డయింది, ఏడుపు ముంచుకొచ్చింది. పరువు పోయినందుకు కొంతే. ఇన్నేళ్లలో వదిన ఇంత మంచి మాట అనలేదు. ఆగిపోయిన నవలకు అదొక్కటి చాలు. కానీ అది ఎవరన్నారో ఇప్పుడు హాలంతా చూసింది.